పాత ఉప్పునీటి ట్యాంకు తెచ్చాను, చేపలు బాగున్నాయి కానీ నత్తలు చనిపోతున్నాయి

మెరైన్ ట్యాంకు (సముద్రపు చేపల అక్వేరియం) అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి. ఇల్లు మారుతున్న ఒకాయన దగ్గర, ఇక్కడే వైజాగ్‌లో, 200 లీటర్ల ట్యాంకు, స్కిమ్మర్ (నురగతో నీటిలో మురికి తీసే పరికరం), లైవ్ రాక్ (మేలు చేసే బ్యాక్టీరియా ఉండే సముద్రపు రాళ్లు), రెండు క్లౌన్ చేపలతో సహా కొన్నాను. రాళ్లు ఆరిపోకుండా పాత నీళ్లలోనే ముంచి తెచ్చాం. ఇసుక మాత్రం కొత్తది వేశాను, పాతది కదిపితే అడుగున ఉన్న మురికితో అమ్మోనియా లేస్తుంది కదా. ఆర్‌ఓ నీళ్లు, మెరైన్ సాల్ట్, ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో 1.025. అమ్మోనియా, నైట్రైట్ సున్నా.

చేపలు చక్కగా తింటున్నాయి. నత్తల సంగతే అంతుపట్టడం లేదు. చుక్కచుక్కగా ట్యాంకు నీళ్లు కలిపి అలవాటు చేసి వదిలినా, అద్దం మీద పట్టు జారి వెల్లకిలా పడుతున్నాయి, తిప్పి పెట్టినా కాలు బయటకు చాచడం లేదు, తెల్లారేసరికి వాసన. పాపం వాటిని అలా చూస్తుంటే చాలా బాధగా ఉంది.

పాత ఓనర్ తెల్లమచ్చల జబ్బుకి ఇదే ట్యాంకులో రాగి మందు వాడారేమోనని అనుమానం, అడిగితే గుర్తులేదంటున్నారు. చేపలు తట్టుకునే రాగి మోతాదు కూడా నత్తలకి విషమే. అదే కారణమైతే కార్బన్, రాగిని పీల్చే రెసిన్ సరిపోతాయా, లేక రాగి పీల్చుకుని ఉండొచ్చని రాళ్లు కూడా తీసేయాలా?

ఇంకోటి, మధ్యాహ్నం నీళ్లు 30 డిగ్రీలు దాటుతున్నాయి. ఫ్యాన్ పెడితే నీళ్లు ఆవిరై ఉప్పు పెరుగుతోంది, రోజూ ఆర్‌ఓ నీళ్లు పోసి సరిచేస్తున్నాను. చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం) కొనేంత డబ్బు ఇప్పుడు లేదు. నత్తలు ఈ వేడికే పోతున్నాయా? ముందు రాగి టెస్ట్ కిట్ కొననా, వేడి సంగతి చూడనా? అప్పటిదాకా కొత్త ప్రాణి దేన్నీ అందులో వదలను.