గెట్‌కి అర్థం వెతక్కండి, దాని వెనకాల మాట చూడండి

మేనేజర్ "ఐ విల్ గెట్ బ్యాక్ టు యూ" అంటే ఆయన తిరిగి వస్తారనుకుని సాయంత్రం దాకా సీటు వదలకుండా కూర్చున్నానని రాశారు, చదివి ప్రాణం ఉసూరుమంది. అందులో మీ తప్పేం లేదండీ. బడిలో మనకి గెట్ అంటే 'పొందు' అని చెప్పి వదిలేశారు. ఆయన అన్నది "సంగతేంటో తర్వాత చెబుతాను" అని మాత్రమే, మెయిల్‌లో చెప్పొచ్చు, ఫోన్‌లో చెప్పొచ్చు, దానికి రెండు రోజులు కూడా పట్టొచ్చు.

మన 'కొట్టు'ని ఒకసారి తలుచుకోండి. తలుపు కొడతాం, ఈత కొడతాం, ఈల కొడతాం, కథ వింటూ ఊ కొడతాం, బోర్ కొడుతుంది, వాసన కొడుతుంది. తెలుగు కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇది ఎంత తికమకో, మనకి గెట్ కూడా అంతే. మనం 'కొట్టు'ని విడిగా చూడం, ముందున్న మాటతో కలిపి పట్టుకుంటాం. గెట్‌కి ఆ తోడు మాట వెనకాల వస్తుంది.

వెనకాల వస్తువు ఉంటే దొరకడం, అందడం, తేవడం. చోటు ఉంటే చేరడం, గెట్ హోమ్ అన్నట్టు. గెట్ టైర్డ్, గెట్ డార్క్ లాంటివైతే అలసిపోవడం, చీకటి పడటం, అంటే ఒక స్థితిలోంచి ఇంకో స్థితికి మారడం. "ఐ గాట్ మై కార్ ఫిక్స్‌డ్" అంటే కారు బాగుచేయించాను అని, మన 'చేయించు' పని అక్కడ గెట్ చేస్తుంది. ఫోన్ మోగుతుంటే "కెన్ యూ గెట్ దట్?" అంటారు, ఎత్తమని. "ఐ గెట్ ఇట్" అంటే అర్థమైంది అని.

నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టింది మాత్రం "గాట్ టు". "ఐ గాట్ టు మీట్ హర్" అంటే ఆమెని కలిసే అవకాశం దొరికింది అని. "ఐ హావ్ గాట్ టు మీట్ హర్" అంటే కలిసి తీరాలి అని. మాట్లాడేటప్పుడు ఆ హావ్‌ని మింగేస్తారు, అప్పుడు జరిగిపోయిన సంగతి చెబుతున్నారా, జరగాల్సింది చెబుతున్నారా అని సందర్భాన్ని బట్టే పోల్చుకోవాలి.

అమెరికాలో గెట్‌కి ఇంకో రూపం 'గాటెన్' కూడా వింటారు. అక్కడ "హావ్ గాట్" అంటే ఉంది అని, "హావ్ గాటెన్" అంటే సంపాదించాను, లేదా అలా అయ్యాను అని. బ్రిటన్‌లో గాటెన్ పెద్దగా వినపడదు.

ఇవన్నీ బట్టీ పట్టాలని టెన్షన్ పడకండి. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్లు 'రన్' అనే క్రియని సవరించినప్పుడు 645 అర్థాలు తేలాయి, అన్నీ గుర్తుపెట్టుకుని ఎవరూ మాట్లాడరు. వారానికి రెండు మూడు వాడుకలు, మీ ఆఫీసులో మీరు విన్నవే, మొత్తం వాక్యంతో సహా రాసిపెట్టుకోండి.

ఈసారి మేనేజర్ "గెట్ బ్యాక్" అన్నప్పుడు, ఎప్పటిలోగా అని అక్కడే అడగండి. ఆఫీసులో అలా అడగడం అమర్యాద కాదు.