చౌక చొక్కా కొనడం తప్పా? ఖరీదైనది కొంటే ఆ డబ్బు కుట్టినవారికి చేరుతుందా?

మూడో గుండీ:
మొన్న మా తమ్ముడు ఆన్‌లైన్‌లో 349 రూపాయలకు పొడుగు చేతుల చొక్కా తెప్పించాడు. మా వీధి చివర టైలరు గారు ఒక్క కుట్టుకూలే 400 తీసుకుంటారు, బట్ట మనదే. మరి బట్ట, గుండీలు, కుట్టు, ఇంటికి తెచ్చిచ్చిన అబ్బాయి కూలి, అన్నీ కలిపి 349 ఎలా అవుతుంది? ఎవరి కడుపో కొడితే తప్ప కాదు. నాలుగు చౌక చొక్కాల బదులు ఒక మంచి చొక్కా కొనుక్కోవాలని నా వాదన. తమ్ముడు నవ్వుతున్నాడు. మీరేమంటారు?

పొదుపు సంసారి:
మంచి చొక్కా అంటే ఎంతది? రెండు వేలదా? జూన్ వస్తే ఇద్దరు పిల్లల బడి దుస్తులకే నా నడుము విరుగుతుంది. మా నాన్నకు చిన్నప్పుడు ఏడాదికి రెండు జతలు, అందులో ఒకటి పెదనాన్న విడిచినది. అది ఆదర్శం కాదు, లేమి. చౌకబట్ట వచ్చాకే మా ఇంట్లో పండుగకు అందరూ కొత్తవి కట్టుకుంటున్నారు. తప్పు చేస్తున్నానని దయచేసి నాకు చెప్పకండి.

నల్లరేగడి:
మీరిద్దరూ దుకాణం దగ్గర మొదలుపెట్టారు. నేను చేను దగ్గర మొదలుపెడతాను. మాది వరంగల్ వైపు. ఒక నూలు చొక్కాకు దాదాపు కిలో పత్తి పడుతుంది. గింజ తీస్తే దూది మూడో వంతే మిగులుతుంది, ఆపైన వడకడంలో, కత్తిరించడంలో తరుగు పోతుంది. పొడవు పింజ పత్తికి 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 8,110. అంటే కిలోకు 81 రూపాయలు. తేమ 12 శాతం దాటితే సీసీఐ, అంటే మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ, కొనదు, అప్పుడు వ్యాపారి చెప్పిందే ధర. విత్తనం, మందులు, ఏరిన కూలి అన్నీ ఆ 81లోనే. టీషర్టుకు 2,700 లీటర్ల నీళ్లు తాగిస్తున్నామని పట్నంలో బాధపడుతుంటారు గానీ, మా పత్తి చాలావరకు వాన మీద పండేదే. చొక్కాను ఎంతకు అమ్ముకున్నా నా కిలో పత్తికి అదే ధర.

పాత మర్చండైజర్:
బెంగళూరులో ఎగుమతి ఫ్యాక్టరీల్లో పదకొండేళ్లు పనిచేశాను. విదేశీ కొనుగోలుదారుకూ ఫ్యాక్టరీకీ నడుమ ధర తెగ్గొట్టే ఉద్యోగం నాది. మూడో గుండీ గారూ, మీ కోపం న్యాయమైనదే, కానీ మీరు చూపిస్తున్న మందు పనిచేయదు. ఎందుకో లెక్కలో చూపిస్తాను.

మామూలు చొక్కాకు దాదాపు 20 నిమిషాల కుట్టు అని స్టాప్‌వాచ్ పట్టుకుని ఇంజినీరు తేలుస్తాడు. కాలరు ఒకరు, కఫ్ ఒకరు, గుండీ కాజా ఒకరు, ఇలా పదుల మంది చేతులు మారుతుంది. లైను ఎప్పుడూ నూటికి నూరు పాళ్లు నడవదు. దారం తెగుతుంది, కొత్త డిజైను వస్తుంది. సగం సామర్థ్యంతో నడిస్తే 40 నిమిషాలు. నేను మానేసేనాటికి టైలరమ్మాయి జీతం నెలకు 12,500. ఇరవై ఆరు రోజులు, రోజుకు ఎనిమిది గంటలు వేస్తే 12,480 నిమిషాలు. నిమిషానికి రూపాయి! ఆ చొక్కాలో కుట్టుకూలి 40 రూపాయలు.

ఇక నా కాస్టింగ్ షీటు, అంటే ఒక్కో చొక్కా తయారీ ఖర్చుల లెక్క. బట్ట 220. గుండీలు, దారం, లేబుళ్లు, ప్యాకింగ్ 35. కటింగు, కుట్టు, ఇస్త్రీ, అద్దె, కరెంటు కలిపి 110, ఆ నలభై ఇందులోనిదే. యజమానికి ఓ పాతిక. మొత్తం 390. దుకాణంలో చీటీ మీద 1,599. మీరు 'మంచి చొక్కా' అంటున్నది ఇదే కదా?

సరే, ఆ అమ్మాయి జీతం రెట్టింపు చేద్దాం, అంటే ఇంకో 40. కొనేవాళ్లు ఇవ్వరా? ఇస్తారు. కానీ బ్రాండువాళ్లు లాభాన్ని రూపాయల్లో కాదు, శాతాల్లో వేసుకుంటారు. ఫ్యాక్టరీ ధర మీద నాలుగింతలు అలవాటు గనుక ఆ నలభై దుకాణానికి చేరేసరికి నూట అరవై అవుతుంది. అప్పుడు 'మీ దగ్గర రేటు పెరిగింది, బంగ్లాదేశ్‌లో అడుగుతాం' అని మెయిలు వస్తుంది. ఆ మెయిళ్లకు నేనే జవాబులు రాసేవాణ్ని. ఏమని? 'సర్దుకుంటాం సార్' అని. సర్దుకునేది నేను కాదు. గంటకు డెబ్బై పీసుల టార్గెట్‌ను ఎనభై చేస్తారు. మడకశిర నుంచి వచ్చిన అమ్మాయి నీళ్లు తాగడం తగ్గించుకుంటుంది, మాటిమాటికీ లేవాల్సి వస్తుందని.

చీటీ మీది ధర చూసి కూలి ఎంతో చెప్పలేం. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర సావర్‌లో రానా ప్లాజా అనే భవనం కుప్పకూలి 1,134 మంది చనిపోయారు. ఆ భవనంలోని ఫ్యాక్టరీలు చౌకకు పేరుపడ్డ ప్రైమార్క్‌కూ కుట్టాయి, ఖరీదుకు పేరుపడ్డ బెనెటన్‌కూ కుట్టాయి. గోడ పగుళ్లు ముందు రోజే కనిపించాయి, అయినా పనిలోకి రమ్మన్నారు.

మూడో గుండీ:
రానా ప్లాజానే నా వైపు సాక్ష్యం. ఆ శవాలను టీవీలో చూసి కొనేవాళ్లు మండిపడ్డాకే కదా బ్రాండ్లు కొన్ని వారాల్లో భద్రతా ఒప్పందం మీద సంతకం పెట్టాయి? కొనేవాడికి బలం లేదంటే ఎలా?

పాత మర్చండైజర్:
ఉంది, కాదనను. ఆ ఒప్పందం మంటలార్పే ఏర్పాట్లు తెచ్చింది, గోడలు గట్టిపరిచింది. జీతం జోలికి పోలేదు. బంగ్లాదేశ్‌లో కనీస వేతనం 2023లో 8,000 టాకాల నుంచి 12,500 అయిందంటే కార్మికులు వీధుల్లోకి వచ్చి, ప్రాణాలు కూడా పోగొట్టుకున్నాక. వాళ్లు అడిగింది 23,000. ఇక్కడ 2016 ఏప్రిల్‌లో పీఎఫ్ డబ్బు తీసుకోవడంపై కేంద్రం ఆంక్ష పెడితే బెంగళూరులో కుట్టుపని ఆడవాళ్లు వేలమంది రోడ్లు దిగ్బంధించారు. నాయకులని చెప్పుకునేవారు పెద్దగా లేరు. రెండు రోజుల్లో కేంద్రం వెనక్కి తగ్గింది. ఆ రోజు మా ఫ్లోరులో మిషన్లన్నీ ఆగిపోయాయి. అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. నిజం చెప్పాలంటే, ఆ సాయంత్రం నేను లెక్కపెట్టింది ఓడకు ఆలస్యమయ్యే పీసులను.

చేనేత మనిషి:
ఇంత తర్జనభర్జన ఎందుకు, చేనేత కొనండి. డబ్బు నేరుగా మగ్గానికి పోతుంది.

నల్లరేగడి:
నేరుగానా? 2019-20 చేనేత గణనలో మూడింట రెండు వంతుల కుటుంబాల నెల ఆదాయం 5,000 లోపే అని తేలింది. చాలాచోట్ల నూలు ఇచ్చేది మాస్టర్ వీవరు, చీర తీసుకునేదీ ఆయనే, నేతగాడికి దక్కేది మజూరీ. మీరు చేనేత కొనండి, నేనూ కొంటాను. కానీ ఎవరి దగ్గర కొంటున్నామో చూసుకోవాలి.

చేనేత మనిషి:
అందుకే సహకార సంఘం దుకాణం అంటాను. మా అత్తగారిది మంగళగిరి, అక్కడి సంగతి నాకు తెలుసు. అన్ని సంఘాలూ సరిగ్గా నడవడం లేదనీ తెలుసు, అది మీరు చెప్పకముందే నేనే ఒప్పుకుంటున్నాను.

పొదుపు సంసారి:
మర్చండైజర్ గారూ, ఒక్కటి అడుగుతాను. 349 చొక్కా సంగతి మీరు చెప్పనే లేదు. 390 ఫ్యాక్టరీలోనే అయితే ఇది ఎలా?

పాత మర్చండైజర్:
లోపలి లేబులు చూడండి. నూలు ఉండదు, పాలిస్టర్ ఉంటుంది, బట్ట ఖరీదు అక్కడే సగానికి పడిపోతుంది. ఎగుమతి ఫ్యాక్టరీలో కుట్టి ఉండరు, పీఎఫ్, ఈఎస్ఐ లేని చిన్న షెడ్డులో పీసుకు ఇంతని ఇచ్చి కుట్టిస్తారు. అక్కడ నిమిషానికి రూపాయి కూడా రాదు. కాబట్టి ఎవరి కడుపో కొడుతున్నారన్న మీ అనుమానం ఆ చొక్కా విషయంలో సరైనదే, మూడో గుండీ గారూ. ఖరీదైనది కొంటే ఆ అనుమానం తీరిపోతుందన్న చోటే నాకు పేచీ.

మూడో గుండీ:
లేబులు చూశాను, పాలిస్టరే. ఇంకో సంగతి. చొక్కా చేతులు పొడుగయ్యాయని తమ్ముడు దాన్ని టైలరు గారి దగ్గరికే పట్టుకెళ్లాడు. కొత్త చొక్కాలు కుట్టించుకునేవారు వారానికి ఒకరిద్దరేనట, ఇప్పుడు ఆయనకు పని అంతా ఇలాంటి రెడీమేడ్లు పొట్టి చేయడమే. రెండు చేతులూ మడిచి కుట్టినందుకు 50 తీసుకున్నారు. తమ్ముడు బేరమాడాడట.