వీల్‌చైర్ తోయడం తేలిక కావాలంటే కొత్తది కొనాలా, ఉన్నదాన్నే బాగుచేయించాలా?

గోపాలపూర్ చెరువుకట్ట:
మా అత్తగారు 70 కిలోలు, ఇనుప వీల్‌చైర్ మరో 18 కిలోలు. హనుమకొండలో మా గల్లీ నుంచి పెద్ద రోడ్డు దాకా ఎత్తు. ఇంట్లో గచ్చు మీద కుర్చీ బాగానే నడుస్తుంది. బయట సీసీ రోడ్డు ఎక్కితే ముందరి చిన్న చక్రాలు ప్రతి అతుకు దగ్గరా మొరాయిస్తాయి. భద్రకాళి బండ్ మీద ఆమెను తిప్పుకొచ్చేసరికి నా మణికట్లు పట్టేస్తున్నాయి. టైర్లు సాలిడ్‌వి, అంటే గాలి లేని గట్టి రబ్బరువి, పంక్చర్ బెడద లేదు. కొత్తది కొనకుండా ఏమైనా చేయవచ్చా?

సైకిల్ మాస్టారు:
ముందు గాలి చూడండమ్మా. ఎంత కొట్టాలో టైరు పక్కనే అచ్చు వేసి ఉంటుంది. బొటనవేలితో నొక్కి సరిపోయిందనుకుంటే కుదరదు. మీటరు ఉన్న పంపుతోనే కొట్టించండి.

కాజీపేట జంక్షన్:
మాస్టారూ, సాలిడ్ టైర్లని రాశారు కదా.

సైకిల్ మాస్టారు:
చదివాను. అందుకే చెబుతున్నాను, వాటిని పీకించి ట్యూబు టైర్లు వేయించండి. సగం గాలి ఉన్న ట్యూబు టైరు కూడా సాలిడ్ టైరు కంటే తేలికగా దొర్లుతుంది. గతుకుల అదురు కూడా పెద్దావిడ నడుముకు అంతగా తగలదు.

పుణెలో నర్సంపేట:
మాస్టారి మాట నమ్మి మోసపోకండి. ట్యూబు టైర్ల కుర్చీ మా అమ్మకు కొన్నాను. గుడికి తీసుకెళ్లిన రోజు పంక్చరైంది. మిట్టమధ్యాహ్నం ఎండలో అమ్మ, చుట్టుపక్కల ఒక్క షాపు లేదు. ఆ తర్వాత సాలిడ్ టైర్లే వేయించాను. అసలు దోషం బరువుది. 18 కిలోల ఇనుము ఎవరు తోయగలరు? 12 కిలోల అల్యూమినియం కుర్చీ కొనండి, సమస్య తీరిపోతుంది.

సైకిల్ మాస్టారు:
లెక్క వేద్దాం బాబూ. మనిషి, కుర్చీ కలిపి 88 కిలోలు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండే ర్యాంపు మీద, అంటే కేంద్ర మార్గదర్శకాలు చెప్పే 1:12 వాలు మీద, ఎత్తు కోసమే సుమారు 7.3 కిలోల బలంతో తోయాలి. మీ అల్యూమినియం కుర్చీతో అది 6.8 అవుతుంది. తేడా అర కిలో! ఆటోలోకి ఎత్తేటప్పుడు ఆ ఆరు కిలోలు కలిసొస్తాయి, కాదనను. తోసేటప్పుడు మాత్రం టైరు, బేరింగే ముఖ్యం. గల్లీ 1:6 ఉంటే ఏ కుర్చీ అయినా పద్నాలుగు కిలోల దాకా అడుగుతుంది. అక్కడ మాత్రం మా గాలి కూడా గట్టెక్కించదు.

పుణెలో నర్సంపేట:
లెక్కలు కాగితం మీద బాగుంటాయి. పంక్చరైన రోజు మీ పంపు ఎక్కడుంది?

మడికొండ:
ముందు చక్రాల ఇరుసులో జుట్టు, దారాలు చుట్టుకుని ఉంటాయి. కత్తెరతో తీసి చూడండి.

కూర్చునేది నేనే:
ఇరవై ఏళ్లుగా ఈ కుర్చీలోనే ఉన్నవాడి మాట ఒకటి వినండి. మనిషి ముందుకు జారి కూర్చుంటే బరువంతా చిన్న చక్రాల మీద పడుతుంది. నడుము వెనక్కి ఆనేలా కూర్చోబెట్టండి, గుంట పడిన సీటు గుడ్డ మార్పించండి. అతుకు వచ్చినప్పుడు కుర్చీ వెనక కిందనున్న గొట్టం మీద కాలు వేసి, పిడులను మీ వైపు లాగితే చిన్న చక్రాలు పైకి లేస్తాయి. ఆ మాట ఆమెకు ముందే చెప్పండి, లేకపోతే బెదిరిపోతారు. పెద్ద చక్రాలు తీసి 12 అంగుళాలవి పెట్టించమని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం వినకండి. ఇంట్లో సొంతంగా తిప్పుకునే ఆ కాస్తా పోతుంది.

గోపాలపూర్ చెరువుకట్ట:
జుట్టు తీశాను. గుప్పెడు వచ్చింది, నాదీ ఆమెదీ కలిసి! ఎడమ చక్రం ఇప్పుడు తిరుగుతోంది, కుడిది ఇంకా బిగుసుకునే ఉంది.

సైకిల్ మాస్టారు:
కుడిది బేరింగు పోయినట్టుంది. సైకిల్ షాపులో చూపించండి. అలాగే ట్యూబు టైర్లు...

పుణెలో నర్సంపేట:
మళ్లీ టైర్లేనా! నెలనెలా గాలి కొట్టే ఓపిక మా ఇంట్లో ఎవరికుంది? డబ్బు పంపుతాను, కుర్చీ కొనిస్తాను, అయినా అక్కడ అమ్మను చూసుకునే మరదలు ఫోన్ చేసి ‘బరువుగా ఉంది బావగారూ’ అంటుంది. చేసేవాడికే మాటలు పడతాయి.

గోపాలపూర్ చెరువుకట్ట:
మీ మరదలు అన్నది ఫిర్యాదు అని మీకెందుకు అనిపించింది? ఆమె చెప్పింది కుర్చీ గురించి. మా ఇంట్లోనూ ఇదే. మా బావగారు ఆన్‌లైన్‌లో ఫొటో చూసి కొన్నారు. పిడులు నా ఛాతీ దాకా వస్తాయి. నేను పొట్టిదాన్ని. మోచేతులు పైకెత్తి తోస్తే మణికట్టు కాక ఇంకేం నొస్తుంది? కొనే ముందు తోసే మనిషి ఎత్తెంత అని ఎవరూ అడగలేదు.

పుణెలో నర్సంపేట:
అంత కష్టమైతే మనిషిని పెట్టుకోమనండి. జీతం నేనిస్తానని ఎప్పుడో చెప్పాను.

గోపాలపూర్ చెరువుకట్ట:
జీతం ఇస్తే వచ్చే మనిషి ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు వరకు ఉంటుంది. రాత్రి బాత్రూమ్ గడప దాటించేది ఎవరు? పైగా మా అత్తగారు కొత్త మనిషి చేయి పిడి మీద పడితే బ్రేకు వేసేస్తారు. నేను తోస్తేనే కదలనిస్తారు. ఆ మాట మీలాంటి బావగార్లకు చెబితే ‘అలవాటవుతుంది’ అంటారు.

కాజీపేట జంక్షన్:
ఇది టైర్ల చర్చ కాదని నాకు ఇప్పుడు అర్థమైంది.

సైకిల్ మాస్టారు:
పిడుల ఎత్తు సంగతి నేను అడగలేదు, నిజమే. నిలబడ్డప్పుడు పిడులు నడుముకూ మోచేతికీ మధ్య ఉండాలి. ఎత్తు సర్దుకునే పిడుల కుర్చీలు దొరుకుతాయి. ఇనుప కుర్చీ గొట్టం కోసి వెల్డింగ్ చేయించవచ్చని కొందరంటారు. ఆ పని పెట్టుకోకండి, అతుకు విరిగితే మనిషే పడిపోతుంది. వాలు దిగేటప్పుడు వెనక్కి తిరిగి, మీరు కింద, కుర్చీ పైన ఉండేలా దిగండి.

పుణెలో నర్సంపేట:
పిడుల కొలత మరదలినే అడుగుతాను. సాలిడ్ టైర్లు మాత్రం మార్చను.