సముద్రపు నాచు మన రోజువారీ భోజనంలో ఉండాలా?

పిల్లగాలి:
ఉండాలనే నా వాదన. శాకాహారుల ఇళ్లలో బి12 లోపం మామూలైపోయింది. మొక్కల నుంచి వచ్చే ఆహారంలో ఆ విటమిన్ దాదాపు ఉండదు, ‘నోరి’ అనే ఎండు సముద్రపు నాచులో ఉంటుంది. దాని బరువులో మూడో వంతు దాకా మాంసకృత్తులే. సాగుకు నేల అక్కర్లేదు, మంచినీళ్లూ అక్కర్లేదు. కాదనేవారు కారణం చెప్పండి.

కందిపొడి:
చెబుతాను. సుషీ అనే జపాన్ అన్నపు వంటకాన్ని చుట్టే నోరి రేకు సుమారు మూడు గ్రాములు తూగుతుంది. అంటే ఒక గ్రాము మాంసకృత్తులు. గుప్పెడు కందిపప్పు ముందు అదెంత? బి12 తక్కువైనవారు డాక్టరు రాసిన మాత్ర వేసుకోవాలి. అసలు నాచులన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. హిజికి అనే నాచులో హానికరమైన ఆర్సెనిక్ ఎక్కువని, దాన్ని తినవద్దని బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ 2004లోనే చెప్పింది.

ఒసాకా కోడలు:
ఇద్దరూ పోషకాల లెక్కల్లోనే ఉండిపోయారు. ఇక్కడ జపాన్‌లో ‘కొంబు’ అనే నాచు వాడేది ముందుగా రుచికే. 1908లో జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునే ఇకెడా ఆ రుచినిచ్చే గ్లుటమేటును వేరుచేసింది కొంబు నుంచే. ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టిందీ ఆయనే. కొంబు మీది తెల్లటి పొడిని నేను కడగను, తడిగుడ్డతో పైపైన తుడుస్తాను. చన్నీళ్లలో అరగంట నానబెట్టి, సన్నని సెగ మీద గిన్నె అడుగున బుడగలు లేస్తుండగానే ముక్క తీసేస్తాను. మరగనిస్తే జిగురు, చేదు దిగుతాయి. ఆ నీళ్లతో టమాటా చారు పెడితే, వెల్లుల్లి ముట్టని మా అత్తగారు రెండోసారి అడిగి పోయించుకున్నారు.

కందిపొడి:
రుచి సంగతి కాదననండీ. కానీ ముక్క తీసేసినా అయోడిన్ నీళ్లలోకి దిగిపోతుంది. పెద్దవారికి రోజుకు 150 మైక్రోగ్రాములు చాలు. ఒక్క గ్రాము ఎండు కొంబులో వెయ్యికి పైగా ఉండవచ్చు. మన ఉప్పులో ఎలాగూ అయోడిన్ కలుపుతున్నారు. ఇంట్లో థైరాయిడ్ సమస్య ఉన్నవారు, గర్భిణులు ఉంటే ఆ చారు రోజూ పెట్టకండి, దయచేసి.

పిల్లగాలి:
కొంబు విషయంలో ఆ జాగ్రత్త అవసరమే. నోరిలో అయోడిన్ దానికంటే చాలా తక్కువ కదా! వేడి పెనం మీద క్షణంసేపు కాల్చి, నలిపి, నువ్వుల పొడిలో కలిపి వేడన్నంలో తినండి. తమిళనాడులో మండపం అనే ఊరి దగ్గర ఆడవాళ్లు సముద్రంలో మునిగి కోసుకొచ్చే నాచు నుంచి జెల్లీలా గడ్డకట్టించే అగర్ తీస్తారు. చైనా గ్రాస్ పేరుతో అది మన వంటిళ్లలోకి ఎప్పుడో వచ్చింది, దానికి లేని భయం నోరికి ఎందుకు? అయితే ప్యాకెట్ మీద రకం పేరు లేకుండా ఉత్త ‘సీవీడ్’ అని ఉంటే మాత్రం కొనకండి.