రోడమిన్ పొడి చేయగానే వెలుగు పోతోంది, ఏం చేయాలి?

రంగులపెట్టె: పొద్దుట్నుంచీ ఇదే గొడవ. రోడమిన్ 6జీ అనే వెలిగే రంగు (డై) డైక్లోరోమీథేన్ ద్రావకంలో జిగేల్‌మంటోంది. ద్రావకం ఆవిరవగానే ముదురెరుపు పొడి, యూవీ దీపం కింద వెలుగే లేదు. సయనోస్టార్ అనే ఉంగరంలాంటి అణువు కలిపితే చాలన్నారు. కలిపాను, తేడా లేదు.

కొల్లాయిడ్: మీ డై ఏ ఉప్పు రూపంలో ఉంది? సయనోస్టార్‌తో ఎంత నిష్పత్తి?

ప్రిజం: ముందు కొలత సంగతి చూడండి. మందంగా ఉన్న పొడి తన వెలుగును తానే మళ్లీ పీల్చుకుంటుంది, దాంతో స్పెక్ట్రమ్ ఎరుపు వైపు జరిగినట్టు కనిపిస్తుంది. కాంతి పడే దిశకి 90 డిగ్రీల్లో వెలుగును చూసే అమరికలో పొడిని కొలవద్దు. పల్చటి పొర తీసుకుని ఇంటిగ్రేటింగ్ స్పియర్‌లో (అన్ని వైపులా వెళ్లే వెలుగును పోగుచేసే బోలు గోళం) పెట్టండి. అదిలేకుండా వచ్చే క్వాంటమ్ ఈల్డ్ (పీల్చిన కాంతిలో ఎంత వంతు వెలుగుగా తిరిగొచ్చిందన్న లెక్క) అంకెలు దేనికీ పనికిరావు.

రంగులపెట్టె: కంటికే కనబడట్లేదండీ, స్పియర్ దాకా ఎందుకు? సీసా మీద రోడమిన్ 6జీ అనే ఉంది. బరువులో సగం సగం కలిపాను.

గాజుపలక: వెలుతురు తగిలి డై మాడిపోయిందేమో.

కొల్లాయిడ్: మాడటం వేరు, క్వెంచింగ్ (అణువులు దగ్గరగా చేరి వెలుగు ఆరిపోవడం) వేరు. చిటికెడు పొడి మళ్లీ కరిగించండి. వెలుగు తిరిగొస్తే అణువు బాగానే ఉన్నట్టు.

గాజుపలక: ఏదైనా వెలుగు పోవడమేగా.

కొల్లాయిడ్: మందు వేరు కదా. సరే, అసలు సంగతి. మామూలుగా దొరికేది క్లోరైడ్ ఉప్పు. సయనోస్టార్ పట్టుకునేది డైని కాదు, ఆ ఉప్పులో దాని జోడీగా ఉండే ఆనయాన్‌ని (ఋణావేశపు అయాన్‌ని). హెక్సాఫ్లోరోఫాస్ఫేట్, టెట్రాఫ్లోరోబోరేట్, పెర్‌క్లోరేట్ లాంటి పెద్దవైతే రెండు సయనోస్టార్లు అటూ ఇటూ చేరి బిగించేస్తాయి. అలా ఏర్పడిన ఋణావేశపు బిళ్లలూ డై కాటయాన్లూ (ధనావేశపు అయాన్లూ) ఒకటి విడిచి ఒకటి పేరుకుంటాయి, డైలు ఒకదాన్నొకటి తాకవు. సయనోస్టార్ నడిమి గుంటకి క్లోరైడ్ మరీ చిన్నది. ఇండియానా, కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయాల వాళ్లు 2020లో స్మైల్స్ (డై అణువులను విడివిడిగా ఉంచే అయానిక అల్లిక) అన్నది దీన్నే.

చేయాల్సింది: క్లోరైడ్‌ని కొద్ది మిథనాల్‌లో కరిగించి, పొటాషియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ నీటి ద్రావణాన్ని ఎక్కువగానే పోయండి. అడుగున పడ్డదాన్ని వడకట్టి చల్లటి నీళ్లతో కడగండి. కడిగిన నీటిలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే తెల్లబడకూడదు, తెల్లబడితే ఇంకా క్లోరైడ్ ఉన్నట్టే. వాక్యూమ్‌లో ఆరబెట్టండి. ఆమ్లం తగలనివ్వకండి, హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుట్టే ప్రమాదం ఉంది.

నిష్పత్తి మోల్స్‌లో 1:2. అంటే ఆ ఉప్పు 10 మి.గ్రా.కి సయనోస్టార్ 31 మి.గ్రా. బరువులో సగం సగం వేస్తే మోల్స్‌లో డైయే ఎక్కువ, మిగిలిన డై గుంపు కట్టేస్తుంది. రెండూ డైక్లోరోమీథేన్‌లో పూర్తిగా కరిగాకే ఆరనివ్వండి.

ప్రిజం: ఇంత తంటా ఎందుకు, పీఎంఎంఏలో (ఆక్రిలిక్ ప్లాస్టిక్) కలపరాదూ?

కొల్లాయిడ్: పల్చగా అయితే సరే. డై శాతం పెంచితే అక్కడా గుంపే.

రంగులపెట్టె: క్లోరైడేనండీ, చూశాను. ఉప్పు మార్చి చూస్తా, థాంక్స్.

గాజుపలక: కూమరిన్ అనే ఇంకో డైకీ ఇదే పద్ధతా?

కొల్లాయిడ్: మామూలు కూమరిన్‌కి ఆవేశం లేదు. కుదరదు.