బీరువాలో దొరికిన పాత లాక్మే షేర్లు చెల్లుతాయా?

తెనాలి కోడలు:
మా అత్తయ్యగారి బీరువా సర్దుతుంటే పట్టుచీర మడతలో ఒక కాయితం బయటపడింది. లాక్మే లిమిటెడ్, 50 షేర్లు, మామయ్యగారి పేరు. లాక్మే ఇప్పుడు హిందుస్థాన్ యూనిలీవర్‌ది కాబట్టి మనకు లీవర్ షేర్లు వస్తాయని మా ఆయన ఒకటే హుషారు. "అది టాటాల కంపెనీరా, మధ్యలో లీవర్ ఎవడు?" అంటారు మామయ్యగారు. రెండు రోజులుగా భోజనాల దగ్గర ఇదే గొడవ. తెలిసినవాళ్లు కాస్త తేల్చండి.

బద్ధకిష్టు:
లీవర్‌దేనండీ. ఇంట్లో కాజల్ అట్ట వెనక చూసి చెప్తున్నా. కాయితం ఫ్రేము కట్టించుకోండి.

ఫ్యాన్సీ షాపు శీను:
ఫ్రేము కట్టించకండమ్మా! మీ మామయ్యగారే గెలిచారు.

మాది ముప్పై ఏళ్ల ఫ్యాన్సీ షాపు. మా నాన్న హయాంలో ఆడవాళ్లు ఖాళీ నెయిల్ పాలిష్ సీసా పట్టుకొచ్చి "ఇదే నంబరు" అనేవాళ్లు. నాన్న కొత్త సీసా తీసి చెవి దగ్గర ఆడించి, లోపలి గుళ్లు టిక్కుటిక్కుమంటేనే ఇచ్చేవాడు. మా అమ్మ లాక్మేని చివరిదాకా 'లక్ష్మి' అనే పిలిచింది. నేను నవ్వేవాణ్ణి. తీరా చూస్తే ఆవిడే కరెక్టు. 1883లో పారిస్‌లో ఆడిన ఒక ఆపెరాలో కథానాయిక పేరు లాక్మే, అది మన లక్ష్మికి ఫ్రెంచి పలుకుబడి. ఆ పేరే కంపెనీకి పెట్టారు.

కంపెనీ పుట్టింది 1952లో, టాటా ఆయిల్ మిల్స్ కింద. అదేనండీ, హమాం సబ్బు చేసినవాళ్లు. విదేశీ స్నోలకీ లిప్‌స్టిక్‌లకీ డాలర్లు పోతున్నాయని నెహ్రూగారే జేఆర్డీ టాటాకి చెప్పి పెట్టించారంటారు. కానీ దాన్ని నిలబెట్టింది సిమోన్ టాటా. జెనీవాలో పుట్టి, నావల్ టాటాని పెళ్లాడి, 1961లో బోర్డులోకి వచ్చి, 1982కల్లా చైర్‌పర్సన్ అయ్యారు. లిప్‌స్టిక్ వేసుకుంటే నలుగురూ ఏమనుకుంటారో అని జంకే రోజుల్లో ఈ సరుకు అమ్మడం మాటలు కాదు. కౌంటర్ వెనక నిలబడ్డవాణ్ణి, నాకు తెలుసు.

ఇక మీ గొడవ. 1996లో లాక్మే, హిందుస్థాన్ లీవర్ చెరిసగం వాటాతో లాక్మే లీవర్ పెట్టాయి. 1998లో టాటాలు తమ సగం కూడా లీవర్‌కే అమ్మేశారు, సుమారు 200 కోట్లకి. అలా పేరూ సరుకూ అటు వెళ్లాయి. వాటాదారులు మాత్రం టాటాల దగ్గరే ఉండిపోయారు. వాళ్ల చేతికి వచ్చింది ట్రెంట్, అంటే పేరు మార్చుకున్న ఆ పాత లాక్మే లిమిటెడ్డే. ఆ డబ్బుతోనే బెంగళూరులో లిటిల్‌వుడ్స్ అనే బట్టల దుకాణం కొని వెస్ట్‌సైడ్ చేశారు. 2016లో వచ్చిన జూడియో కూడా వీళ్లదే. అంటే మీవాళ్లు జూడియోలో టీషర్టు కొన్నప్పుడల్లా మామయ్యగారు తన కొట్లో తానే కొన్నట్టు!

పైగా 2016లో 10 రూపాయల షేరుని 1 రూపాయి షేర్లుగా విడగొట్టారు. ఆ లెక్కన 50 కాస్తా 500.

ఇప్పుడు అసలు పని. డివిడెండ్ ఏడేళ్లు వరసగా తీసుకోకపోతే షేర్లు ప్రభుత్వం నడిపే ఇన్వెస్టర్ ఫండ్‌కి పోతాయి. పోయినా మళ్లీ అడిగి తెచ్చుకోవచ్చు. ముందు ఫోలియో నంబరుతో, అంటే కంపెనీ పుస్తకాల్లో వాటాదారు ఖాతా నంబరుతో, ట్రెంట్‌కి రాయండి. మామయ్యగారి పాన్, ఆధార్, బ్యాంకు వివరాల్లో పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోండి. మా నాన్న షేర్ల కోసం వేరే కంపెనీ చుట్టూ ఏడాది తిరిగాను, ఇంటిపేరులో ఒక్క అక్షరం తేడాకి! కమిషన్‌కి చేసిపెడతామనేవాళ్లకి ఒరిజినల్ ఇవ్వొద్దు, ఫోటో ఇక్కడ పెట్టొద్దు. ముఖ్యంగా లామినేషన్ చేయించొద్దు.

తెనాలి కోడలు:
శీనుగారూ, చాలా థ్యాంక్సండీ. మీ జవాబు చదివి వినిపిస్తే మా ఆయన నోరెత్తలేదు. ఫోలియో నంబరు దగ్గర పురుగు కొట్టి చివరి రెండంకెలు పోయాయి. ఏం చెయ్యాలి?

ఫ్యాన్సీ షాపు శీను:
సర్టిఫికెట్ నంబరు వేరే ఉంటుంది చూడండి. అదీ, పేరూ, పాత అడ్రసూ రాస్తే వెతికిస్తారు.

తెనాలి కోడలు:
ఉందండీ, ప్లాస్టిక్ లోంచి బాగానే కనిపిస్తోంది. మీ జవాబు వచ్చేలోపే మామయ్యగారు బజారుకెళ్లి లామినేషన్ చేయించుకొచ్చేశారు.