అప్‌డేట్: కొత్త సిమెంటు కొలనులో చేపలు చనిపోవడానికి కారణం దొరికింది

సైనిక్‌పురిలోని మా పెరట్లో కట్టించిన సిమెంటు కొలనులో గప్పీ చేపలు బతకడం లేదనీ, కలువ ఆకుల అంచులు మాడిపోతున్నాయనీ ఇంతకుముందు అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ముందుగా పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 తటస్థం, అంతకు మించితే క్షారం) చూడమన్న వారి అనుమానమే నిజమైంది. అక్వేరియం దుకాణంలో కొన్న కిట్‌తో పరీక్షిస్తే కొలను నీరు 10 దాటింది. బకెట్లో పట్టి ఉంచిన అదే బోరు నీరు మాత్రం 7.5 దగ్గరే ఉంది. కాబట్టి కొందరు అనుమానించిన బోరు నీటి కాఠిన్యానికీ, కొలనులో రాలిన వేపాకుకూ దీనితో సంబంధం లేదు. అసలు గప్పీలు కాస్త కఠినమైన నీటినే ఇష్టపడతాయట.

కొత్త సిమెంటు నుంచి కాల్షియం హైడ్రాక్సైడ్ (సున్నం) నీటిలోకి దిగుతూనే ఉంటుందనీ, అందువల్ల ఒకసారి నీరు మార్చినంత మాత్రాన ఫలితం నిలవదనీ కొలను చూడవచ్చిన తోటల నిపుణుడు వివరించారు. ఆయన చెప్పినట్టు నిండా నింపి, కొన్నాళ్లు ఉంచి, పూర్తిగా తోడేయడం పలుమార్లు చేశాము. తర్వాత గోడలను నీళ్లు కలిపిన వెనిగర్‌తో రుద్ది కడిగి, బాగా ఆరాక, తాగునీటి ట్యాంకులకు వాడే ఎపాక్సీ పూత వేయించాము. పూత పూర్తిగా గట్టిపడేదాకా నీరు నింపకూడదు, ఎంత తొందర ఉన్నా సరే. పటిక వేయమన్న సూచనను ఆయన వద్దన్నారు. పీహెచ్ కాసేపు తగ్గినా, సున్నం దిగుతున్నంతకాలం మళ్లీ పెరుగుతుందట.

ఇప్పుడు పీహెచ్ 8 దాటడం లేదు. బంకమట్టి నింపిన తొట్టిలో నాటిన కలువ కొత్త ఆకులు మచ్చ లేకుండా వస్తున్నాయి, గప్పీలు పిల్లలు కూడా పెట్టాయి.